చెక్క తీసేస్తే తీసుకుంటామన్నారు

పోయిన వర్షాకాలం చివర్లో ఒక ఆదివారం ఉదయం సుధీర్ అనే యువకుడు భవానీపురంలోని మా ఇంటికి వచ్చారు. విజయవాడలో పాత వీడియో గేముల ప్రదర్శన పెట్టబోతున్నామని, నా దగ్గర అటువంటి యంత్రాలు చాలా ఉన్నాయని ఎవరో చెప్పారని, వచ్చి చూడవచ్చా అని ముందే ఫోను చేసి మర్యాదగా అడిగారు. ఆ ఫోను వచ్చిన దగ్గర నుంచీ నేను అలమారా అద్దాలు తుడిచాను. చిక్కుపడిన వైర్లు విడదీశాను. పాత డబ్బా టీవీ మీద కప్పిన దుప్పటి తీసి, అది వెలుగుతున్నదో లేదో పరీక్షించుకున్నాను. ఒకప్పుడు ఆదివారం వస్తే ఈ యంత్రాల కోసం హనుమాన్ జంక్షన్ నుంచి కూడా మనుషులు విజయవాడ వచ్చేవారు. ఇప్పుడు ఏళ్ల తరబడి ఆ అలమారా తలుపు తీసేది నేను ఒక్కదాన్నే. నాన్న చేతి పని పదిమంది మధ్య ఒక్కసారైనా వెలగాలని నాలో ఎంత కోరిక మిగిలి ఉన్నదో, సుధీర్ గారి కోసం కలిపిన కాఫీలో చక్కెర రెండోసారి వేసినప్పుడు గాని నాకు తెలియలేదు.

సుధీర్ గారు అలమారా పైవరస నుంచి ఓపికగా చూసుకుంటూ వచ్చి, సరిగ్గా కంటికి ఎదురుగా ఉన్న యంత్రాన్ని చేతిలోకి తీసుకున్నారు. అది ఆకుపచ్చ రంగు చెక్కపెట్టె. అంచులు పసుపు. ముందువైపు పచ్చకోటు వేసుకున్న పసుపు ముఖం మనిషి ఒకడు గాలిలోకి ఎగిరి ఉంటాడు. వెనకవైపు ఏనుగు అంబారీ కిటికీకి ఉండే సన్నని జాలీ లాంటిది చెక్కి ఉంటుంది.

"మేడమ్, దీనికి కేసు మార్పించారాండీ?"

"మార్పించడం కాదండీ. మా నాన్నగారు చేశారు. కొండపల్లిలో."

"అంటే, ఆ బొమ్మలు చేస్తారే, ఆ చెక్కా?"

"అదేనండీ. తెల్ల పొణికి."

ఆయన దాన్ని నెమ్మదిగా, ఏదో రోగిని పడుకోబెట్టినట్టుగా కిందపెట్టారు. "మీరేమీ అనుకోకండి మేడమ్. లోపల బోర్డేమో విదేశీ కంపెనీ గేముకు డూప్లికేటు, బయటేమో బొమ్మల చెక్క. దీన్ని ఏమని చూపించాలి మేము? బోర్డు మాత్రం బ్రహ్మాండంగా ఉందండీ. ఇదే మోడల్ ప్లాస్టిక్ కేసు ఖాళీది నా దగ్గరుంది. ఆ చెక్క తీసేస్తే అందులో బిగించి పెట్టుకుంటాం. కింద మీ పేరు వేస్తాం."

ఆలోచించుకుని చెబుతానన్నాను. ఆయన వెళ్లాక వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అమ్మ తల ఎత్తకుండానే అడిగింది. "ఏమంటాడే ఆ అబ్బాయి?"

"నాన్న చేసిన చెక్క తీసేస్తే తీసుకుంటారట."

"అది తీసేస్తే ఇంకేముంటుంది అందులో?"

సుధీర్ గారి దృష్టిలో ఉన్నదంతా లోపలి బోర్డే. అమ్మ దృష్టిలో ఆ బోర్డు లెక్కలోకే రాదు. ఈ రెండు మాటల మధ్య నేను కొన్ని రోజులు నిలబడి ఆలోచించాను. ఆ ఆలోచన నన్ను కొండపల్లిలోని మా పాత ఇంటికి తీసుకుపోయింది.

ఆ ఇల్లు వీధి గుమ్మం నుంచి పెరటి దాకా ఒకటే పనిగది. మేము తినేది, పడుకునేది, చదువుకునేది బొమ్మల మధ్య మిగిలిన చోటులోనే. వసారాలో నాన్న బాడిశతో పొణికి కర్రను చెక్కేవారు. పచ్చికర్ర చెక్కుతున్నప్పుడు దోసకాయ కోసినప్పటి వాసన వచ్చేది. మధ్యగదిలో చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి ఉడికించిన మక్కు ఉండేది. ఏనుగుకు తొండమైనా, మనిషికి చెయ్యైనా అతికించేది దానితోనే. ఆ పుల్లని వాసన మా బట్టలకు, పుస్తకాలకు, చివరకు పెరుగన్నానికి కూడా పట్టి ఉండేదని బడిలో స్నేహితురాళ్లు ఎగతాళి చేసేవారు. కిటికీ దగ్గర వెలుతురులో అమ్మ కూర్చుని తెల్లపూత ఆరిన బొమ్మలకు ఎనామిల్ రంగులు వేసేది. కళ్లు మాత్రం చివర్లో, ఎవరూ పలకరించనప్పుడు వేసేది. కళ్లు వేస్తున్నప్పుడు పలకరిస్తే బొమ్మ మెల్లకన్నుతో పుడుతుందని ఆమె నమ్మకం. నాన్నకు చేతులు ఊరికే ఉంచుకోవడం చేతకాదు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒకటి రెండు సగం చెక్కిన తలకాయలు ఉండేవి. బస్సెక్కినా వాటిని తీసి ఆకురాయితో రుద్దుతూ కూర్చునేవారు. "ఏం మాస్టారూ, నా బస్సంతా పొట్టు పోస్తున్నారు" అని కండక్టర్లు విసుక్కునేవారు. నేను పాఠం పైకి చదువుతుంటే వినడం ఆయనకు మహా ఇష్టం. ఆయన చదువు బడి గడప దగ్గరే ఆగిపోయింది. మా రెండువైపుల వంశాల్లోనూ డిగ్రీ దాకా వెళ్లినవాళ్లలో నేనే మొదటిదాన్ని. ఆ దారి నాన్న ఉలి చప్పుడు మధ్యనే మొదలైంది.

ఇంటికి పెద్ద మా నాయనమ్మ. ఆమె రాజ్యం పెరట్లోని కుంపటి. చెక్కిన బొమ్మలో పచ్చిదనం పోవాలంటే దాన్ని సన్నని సెగ మీద ఓపికగా ఆరబెట్టాలి. లేకపోతే రంగు వేశాక బొమ్మ బీటలు ఇస్తుంది. రంపపు పొట్టు కప్పిన నిప్పుల మీద ఇనుప జల్లెడ పెట్టి, దాని మీద బొమ్మలను పరిచి, వాటిని అటూ ఇటూ తిప్పుతూ పొద్దంతా కూర్చునేది నాయనమ్మ. ఆరిందో లేదో చెవి దగ్గర పెట్టుకుని, వేలితో కొట్టి చెప్పేది. ఆ అలవాటు ఆమెకు ఎంతగా ఒంటబట్టిందంటే, ఇంట్లో ఏది తడిసినా కుంపటి మీదికి వెళ్లవలసిందే. చెమ్మగిల్లిన అగ్గిపెట్టెలు, మెత్తబడ్డ అప్పడాలు, వానలో తడిసిన నా లెక్కల పుస్తకం, నాన్న చెప్పులు అన్నీ ఏనుగుల పక్కన వరసగా ఆరేవి. ఆ పనిలో ఎవరూ వేలు పెట్టడానికి లేదు.

అటువంటి ఇంటికి టీవీ గేమ్ ఒక దసరాకు ముందు గోనెసంచిలో వచ్చింది. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ కాలనీలో బొమ్మల కొలువులు పెట్టే ఇళ్లకు నాన్న ఏటా బొమ్మలు పట్టుకువెళ్లేవారు. ఆ ఏడు ఒక ఇంజనీరు గారింట్లో సామాన్లు కట్టుకుంటున్నారు. వేరే ఊరికి బదిలీ. వాళ్ల అబ్బాయికి కంప్యూటరు వచ్చాక ఈ గేము మూలపడి ఉన్నదట. ఆ ఇంటావిడ అంబారీ ఏనుగును ముచ్చటపడి తీసుకుని, "చదువుకునే అమ్మాయి ఉందన్నారుగా, దీన్ని తీసుకువెళ్లి ఇవ్వండి" అని ఏనుగుకు బదులుగా ఆ గేమును నాన్న చేతిలో పెట్టారు. నాన్న సంచిలోంచి తీసి చాప మీద పెట్టారు. బూడిదరంగు ప్లాస్టిక్ పెట్టె, రెండు జాయ్‌స్టిక్‌లు, అడుగున రాగిపళ్ల లాంటి గీతలున్న ఒక క్యాసెట్టు.

"ఏంటి నాన్నా ఇది?"

"టీవీ గేమంట అమ్మాయ్. మన బొమ్మలు నిలబడతాయి, వీళ్లవి పరిగెత్తుతాయంట."

"ఏనుగునిచ్చి సబ్బుపెట్టె తెచ్చావా నాయనా?" అన్నది నాయనమ్మ. అంబారీ ఏనుగును ఆరబెట్టింది ఆమే కదా.

మాకున్నది ఎవరో వాడి వదిలేసిన బ్లాక్ అండ్ వైట్ టీవీ. ఛానెల్ మీట తిప్పి తిప్పి బొమ్మ పట్టుకున్నాము. తెర మీద ఒక చిన్న మనిషి గోడలు దూకుతూ, గుంటలు దాటుతూ పరిగెత్తాడు. గుంటలో పడితే ఏడుపు లాంటి చిన్న పాట వచ్చేది. రెండు రోజులు నాయనమ్మ వాడివైపు చూడలేదు. మూడోనాడు పెరట్లో నుంచే ఆమె గొంతు వినిపించింది. "దూకరా నాయనా! ఆ గుంట కనపడట్లేదూ? దూకు!" ఆ తరువాత సాయంత్రాలు బొమ్మలు తిప్పుతూ మెడ ఇటు తిప్పి చూసేది. వాడు పడిపోయినప్పుడల్లా నన్ను తిట్టేది, వాడిని కాదు. అమ్మకు మాత్రం వేరే బాధ ఉండేది. "వాడి కోటు ఏం రంగే? మొహం ఏం రంగు?" అని అడిగేది. మా టీవీలో అంతా బూడిదే. రంగు తెలియని బొమ్మను అమ్మ భరించలేకపోయేది. కొన్నాళ్లు చూసి, "పచ్చకోటు, పసుపు మొహం. అంతే అయ్యుంటుంది" అని తేల్చేసింది. నేను కాదనలేదు, నాకూ అలాగే కనిపించడం మొదలైంది.

మరుసటి వానల్లో మా పెంకుటిల్లు సరిగ్గా టీవీ మీదనే కారింది. గేము తడిసి ముద్దయింది. నేను బడిలో ఉన్నాను, నాన్న కర్ర కోసం కొండ వైపు వెళ్లారు. నాయనమ్మ దాన్ని పమిట చెంగుతో తుడిచి, ఎప్పుడూ చేసేదే చేసింది. కుంపటి జల్లెడ మీద, రెండు ఏనుగుల నడుమ పెట్టింది. నేను బడి నుంచి వచ్చేసరికి వీధి మొదట్లోనే ఘాటైన వాసన కొట్టింది. అప్పుడే వచ్చిన నాన్న పెరట్లోకి పరుగెత్తి, ఉత్త చేతులతోనే దాన్ని లాగి నేల మీద పడేశారు. ప్లాస్టిక్ పెట్టె పైభాగం కాల్చిన వంకాయలా కుంగిపోయింది. మీటలు కరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. నాన్న అరచేతులు బొబ్బలెక్కాయి. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. నాన్నను, గేమును, నన్ను మార్చి మార్చి చూసిన నాయనమ్మ ముఖంలో పశ్చాత్తాపం మచ్చుకైనా లేదు.

"తడిసింది ఆరబెట్టడం కూడా తప్పేనా? పక్కన ఏనుగులున్నాయి, వాటికేమన్నా అయిందా? చెక్కయితే కరిగేదా?"

ఆ చివరి మాట నాన్నకు తగిలింది. అరచేతులకు అమ్మ వెన్న రాస్తున్నంతసేపూ ఆయన ఆ కుంగిన పెట్టెవైపే చూస్తూ, "చెక్కయితే కరిగేది కాదు" అని తనలో తాను అనుకున్నారు. చేతులు మానగానే ప్లాస్టిక్ పెంకును జాగ్రత్తగా ఊడదీశారు. లోపల ఆకుపచ్చ బోర్డు చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని కొలిచి, పొణికిలో దానికి ఒక గూడు తొలిచారు. క్యాసెట్టు దిగడానికి పైన గాడి, వైర్లకు పక్కన రంధ్రాలు. పెట్టె వేడెక్కితే గాలి ఆడాలని నేను చెబితే, "దానికేముంది, అంబారీకి కిటికీ పెట్టట్లేదూ?" అంటూ వెనక జాలీ చెక్కారు. జాయ్‌స్టిక్‌లకు చింతగింజంత చెక్క మీటలు చేసి, వేలికి గుచ్చుకోకుండా అంచులు రుద్దారు. ఆరబెట్టే పని నాయనమ్మే చేసింది. బోర్డు పెట్టకముందే. అమ్మ తెల్లపూత పూసి, పచ్చకోటు మనిషిని గాలిలోకి ఎగరేసింది.

కాలిన వైర్లు అతికించడానికి నాన్న, నేను దాన్ని విజయవాడలో గవర్నరుపేట సందులో రేడియో, టీవీ సామాన్లు అమ్ముతూ రిపేర్లు చేసే కరీం గారి దగ్గరికి తీసుకువెళ్లాము. కరీం గారు సంచిలోంచి దాన్ని బయటికి తీసి, నాలుగు వైపులా తిప్పి చూసి, కొట్లో వాళ్లందరినీ పిలిచారు. "ఇటు రండ్రా! అన్నగారు టీవీ గేమును అంబారీ ఎక్కించారు!" అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వారు. బొమ్మను చూసి జనం నవ్వితే ఆయనకు కూలి ముట్టినంత తృప్తి. కరీం గారు వైర్లు అతికించి కొట్లోని టీవీకి తగిలించగానే ఆ చిన్న మనిషి మళ్లీ గోడలు దూకాడు. కరీం గారు కొంతసేపు ఆడి, అటకమీద నుంచి ఒక అట్టపెట్టె దింపారు. పెంకులు పగిలిన గేములు, మీటలు ఊడినవి, ఎవరూ తిరిగి తీసుకువెళ్లనివి అందులో ఉన్నాయి. "వీటికి కూడా ఇళ్లు కట్టండి అన్నగారూ. లోపల ప్రాణం ఉంది, పైన గుడ్డలే లేవు."

నా సేకరణ అట్లా మొదలైంది. నేను విజయవాడలో డిగ్రీ చదువుతున్న రోజుల్లో కాలేజీ అయ్యాక కరీం గారి కొట్టుకు వెళ్లి, అటక మీదికి కొత్తగా ఏం చేరిందో చూసి, సాయంత్రం రైలుకు ఒడిలో ఒక గేము పెట్టుకుని కొండపల్లి చేరేదాన్ని. ఆ ఏళ్లలో ఇళ్లలోకి కంప్యూటర్లు వస్తున్నాయి. టీవీ గేములు పాత సామాన్ల బండ్లలోకి పోతున్నాయి. బాతులను కాల్చే తుపాకీ ఉన్నది ఒకటి, కారు చక్రంలాంటి మీట ఉన్నది ఒకటి, ఒకే పెట్టెలో ఆటలన్నీ నింపుకున్నది ఒకటి, ఇలా రకరకాలు దొరికాయి. ప్రతిదానికీ నాన్న వేరే ఇల్లు కట్టారు. ఒకదానికి తాటాకు గుడిసె చూరు పెట్టారు. మరొకదాన్ని ఎడ్లబండి మీద ఎక్కించారు. బంధువులు ఊరుకోలేదు. "డిగ్రీ చదివే పిల్ల చెత్త ఏరుకొస్తుందేంటి?" అని మా మేనత్త వచ్చిన ప్రతిసారీ అనేది. "పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు ఇవే చూపిస్తారా?" అనేది. "చూపిస్తామే, ఆడటం వచ్చినవాడికే ఇస్తాం" అని నాన్న బదులిచ్చేవారు. ఆడపిల్ల చదువు కోసమే కష్టపడాలి, ఆటకు కష్టపడకూడదు అన్న ఆ లెక్క నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అంగీకారం కాదు. నేను డిగ్రీ మొదటి తరగతిలో పూర్తిచేశాను, ఉద్యోగం సంపాదించాను. ఒక్క గేమును కూడా పారేయలేదు.

ఉద్యోగంలో చేరిన తరువాత కొన్నేళ్లు మాకు మంచికాలం నడిచింది. పారేసిన వాటిమీద జనానికి ఉన్నట్టుండి ప్రేమ పుట్టింది. చిన్నప్పుడు ఆడిన గేమును వెతుక్కుంటూ కరీం గారి కొట్టుకు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఒక బ్యాంకు ఆఫీసరు, హనుమాన్ జంక్షన్‌లో లారీ సామాన్ల కొట్టు నడిపే ఒక పెద్దమనిషి, ఇద్దరు ముగ్గురు కాలేజీ లెక్చరర్లు. కరీం గారు మేడమీద గది ఖాళీ చేయించి, పెద్ద కలర్ టీవీ పెట్టించారు. ఆదివారాలు అక్కడ చేరి ఒకరి యంత్రాలు ఒకరం ఆడేవాళ్లం, క్యాసెట్లు మార్చుకునేవాళ్లం. పలకని క్యాసెట్టు అడుగున ఊది, మళ్లీ పెట్టి, ఊపిరి బిగబట్టి మీట నొక్కేవాళ్లం. లారీ సామాన్ల ఆయన తుపాకీ గేము ఆడుతూ పంచె మడిచి కట్టుకుని నేలమీద మోకరించి, బాతు పడినప్పుడల్లా కిందివీధి దాకా వినిపించేలా కేక వేసేవారు.

ఒక ఆదివారం అమ్మను కూడా తీసుకువెళ్లాను. మా ఇంటి మొదటి గేమును ఆమె రంగుల టీవీలో చూడడం అదే తొలిసారి. తెర వెలిగింది. ఆ చిన్న మనిషి నీలం కోటుతో, గులాబీ రంగు ముఖంతో పరిగెత్తాడు. అందరూ చెక్కపెట్టె మీది పచ్చకోటు వైపు, తెర వైపు చూశారు. బ్యాంకు ఆఫీసరు గారు నెమ్మదిగా, "రంగు తప్పిందమ్మా" అన్నారు. అమ్మ తెరకు దగ్గరగా వెళ్లి, కొంగుతో గాజును తుడిచి, మళ్లీ చూసింది. తరువాత వెనక్కి తిరిగి, "తప్పేం లేదండీ. వాళ్ల రంగు వాళ్లు వేసుకున్నారు, మా రంగు మేం వేసుకున్నాం" అన్నది. లారీ సామాన్ల ఆయన చప్పట్లు కొట్టారు. ఆ రోజు అమ్మ ముఖం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. సిగ్గుపడవలసిన చోట ఆమె ఏ మాత్రం సిగ్గుపడలేదు.

ఆ గదికి చెడ్డకాలం ఒక అందమైన పెట్టెలో వచ్చింది. బ్యాంకు ఆఫీసరు గారికి ఎవరో బంధువు విదేశం నుంచి ఒక యంత్రం పంపారు. అట్టపెట్టె కూడా విప్పనిది. మేమందరం సంబరంగా చుట్టూ చేరాము. ఆయన దాన్ని అలమారా పైవరసలో పెట్టి, "చెయ్యి వేయకండి, ఒరిజినల్" అన్నారు. అప్పటిదాకా ఆ గదిలో ఎవరూ చెయ్యి వేయకండి అనలేదు. తరువాతి ఆదివారానికి అలమారాలో ఒరిజినల్స్ పైకి, డూప్లికేట్లు కిందికి వెళ్లాయి. లారీ సామాన్ల ఆయన తుపాకీ నేలమీద ఒక మూలకు చేరింది.

"నా తుపాకీ పేలుద్ది గదండీ! మీది పేలదే!" అన్నారు ఆయన.

"ఇది పేల్చేదానికి కాదండీ, దాచేదానికి."

"ఆటను దాచుకుని ఏం చేసుకుంటారండీ, ఊరగాయా?"

అందరూ నవ్వారు గాని, తుపాకీ నేలమీదనే ఉండిపోయింది. ఆయన తరువాత రావడం మానేశారు. మాటలు కూడా మారాయి. ఏ ఆటలో ఏ గుంట ఎలా దూకాలన్నది పోయి, ఏ పెట్టెకు ఏ ముద్ర ఉన్నదన్నదే చర్చ అయింది. ఆడకుండా దాచిన యంత్రాలకు కృష్ణాతీరపు చెమ్మ పట్టింది. పెట్టె విప్పకుండానే లోపల తుప్పుపట్టి చచ్చినవి ఎన్నో. ఇంతలో ఫోన్లు వచ్చాయి. ఈ ఆటలన్నీ గోరంత చిప్పులో ఒదిగిపోయాయి. పలకలాంటి పలచని టీవీలు వచ్చాక తుపాకీలు వాటిమీద పేలనే లేదు. వాటికి పాత డబ్బా టీవీయే కావాలి. ఒక్కొక్కరూ తమ సేకరణలను ఎవరికో ఒకరికి ఇచ్చేసి చేతులు దులుపుకున్నారు. కరీం గారు మేడమీది గదిని ఫోను కవర్ల గోడౌనుగా మార్చవలసివచ్చింది. "ఏం చేయమంటావమ్మా, బతకాలిగా" అన్నారు. నా పెట్టెలను రిక్షాలో, ఉద్యోగం వచ్చాక తీసుకున్న భవానీపురం ఇంటికి తెచ్చుకున్నాను. ఆ తరువాత కొన్నాళ్లకే నాన్న పోయారు. అమ్మ నా దగ్గరికి వచ్చేసింది.

నేను ఇవన్నీ బెంగతో రాయడం లేదు. పాతవన్నీ మంచివని, కొత్తవన్నీ చెడ్డవని నేను అనను. ఇప్పటి పిల్లల చేతిలోని ఆటలు మేము కలలో కూడా ఊహించనంత అందంగా ఉన్నాయి. నా అభ్యంతరం ఒక్క మాటతోనే. మా గేమును డూప్లికేటు అన్నవారికి నేను చెప్పదలచుకున్నది ఇది. ఆ ఒరిజినల్ అన్నది మా కొండపల్లికి ఎన్నడూ రాలేదు. ఇబ్రహీంపట్నానికి రాలేదు, కరీం గారి సందుకూ రాలేదు. మా దగ్గరికి వచ్చింది, మాతో ఆడింది, మా వానలో తడిసింది, మా కుంపటి మీద కాగింది ఈ బూడిదరంగు పెట్టె ఒక్కటే. మా ఊరి మొహం చూడని అసలుకు మేమెందుకు నకలు కావాలి? నాన్న ఏనుగును చెక్కినప్పుడు అది అడవి ఏనుగుకు డూప్లికేటని ఎవరూ అనలేదు. దాన్ని కొండపల్లి ఏనుగు అన్నారు. ఈ పెట్టె కూడా అటువంటిదే. డిగ్రీ చదివిన అమ్మాయిని కదా అని మర్యాదగా తల ఊపి, చాలా ఏళ్లు నేను ఈ మాట పైకి అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

నా నిర్ణయం ఫోనులో చెప్పకుండా సుధీర్ గారిని మళ్లీ ఇంటికి పిలిచాను. ఆయన ఖాళీ ప్లాస్టిక్ కేసును సంచిలో పెట్టుకుని ఉత్సాహంగా వచ్చారు. నేను పచ్చపెట్టెను టీవీకి తగిలించి, జాయ్‌స్టిక్ ఆయన చేతికి ఇచ్చాను. మొదట మొహమాటంగా, ఒక్క చేత్తో ఆడారు. రెండో గుంటలో పడ్డాక కుర్చీలోంచి కిందికి జారి నేలమీద కూర్చున్నారు. నాన్న రుద్దిన మీటల మీద ఆయన బొటనవేళ్లు తమ చోటు తామే వెతుక్కున్నాయి. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ ఉండబట్టలేకపోయింది. "దూకు బాబూ! గుంట కనపడట్లేదూ? దూకు!" నాకు ఒక్క క్షణం పెరట్లో కుంపటి పొగ వాసన వచ్చింది. ఆయన పగలబడి నవ్వారు. కాఫీ చల్లారిపోయింది.

ఆట ఆపాక ఆయన చాలాసేపు ఆ పెట్టెను చేత్తో నిమిరారు. "నిజం చెప్పాలంటే బాగుందండీ. కానీ నా ఒక్కడి మాట కాదు మేడమ్, మా వాళ్లందరూ ఒరిజినల్ కేసులే పెట్టాలని అనుకున్నారు. దీన్ని ఇలా పెడితే చూసినవాళ్లు నవ్వుతారండీ."

"నవ్వనివ్వండి సుధీర్ గారూ. మా ఇంట్లో బొమ్మ చేసేదే చూసినవాళ్లు నవ్వాలని. చెక్క తీయను. చెక్కతో పెట్టుకుంటే తీసుకువెళ్లండి, లేకపోతే ఇక్కడే ఉంటుంది."

ఆయన ఖాళీ కేసును ఖాళీగానే తీసుకువెళ్లారు. ప్రదర్శన జరిగింది. నేను టికెట్టు కొనుక్కుని వెళ్లి చూశాను. నిజంగా అందమైన యంత్రాలు. ప్రతిదానికీ అద్దం, అద్దానికి ముందు తాడు, తాడుకు 'ముట్టుకోరాదు' అన్న అట్ట. వెనక పలకలాంటి తెరమీద ఎవరో ఎప్పుడో ఆడిన ఆట తనంతట తానే నడుస్తోంది. జనం దాని ముందు నిలబడి ఫోటో తీసుకుని ముందుకు వెళ్లిపోతున్నారు. ఎవరూ కేక వేయలేదు. ఎవరూ ఎవరినీ దూకమనలేదు. మా పచ్చకోటు మనిషికి అక్కడ చోటు దొరకలేదని నాకు ఒక్క క్షణం కూడా బాధ అనిపించలేదు. వచ్చే దారిలో ఒక అట్టముక్క కొన్నాను. దానిమీద నా చేతిరాతతో 'కొండపల్లి టీవీ గేమ్. ఆదివారం ఉదయం. ముట్టుకోవచ్చు' అని రాసి గేటుకు కట్టాను.

మొదటి ఆదివారం ఎవరూ రాలేదు. అమ్మ, నేనే ఆడుకున్నాము. ఆ తరువాతి ఆదివారం పక్క వాటాలో ఉండే ఆవిడ వాళ్ల అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ అత్తగారు జాయ్‌స్టిక్‌ను వదలలేదు. మధ్యాహ్నం భోజనానికి కోడలే వచ్చి లాక్కుపోవలసి వచ్చింది. ఇప్పుడు ఆదివారాలు మా వసారాలో చెప్పులు చాలా ఉంటున్నాయి. ఒకసారి కరీం గారు కర్ర పట్టుకుని వచ్చి, "అంబారీ ఇంకా నడుస్తోందా అమ్మా?" అని అడిగారు. సుధీర్ గారు కూడా ఒక ఆదివారం వచ్చారు. గేటు దగ్గర అట్టను చదువుకుని, చెప్పులు విడిచి, వరసలో తన వంతు కోసం నిలబడ్డారు.

ఇన్ని చేతులు పడడం వల్ల పెట్టె మీది రంగు అరిగింది. పచ్చకోటు మోచేతి దగ్గర తెల్లపూత బయటపడింది. ఇవాళ ఉదయం అమ్మ కళ్లజోడు పెట్టుకుని, సన్నకుంచె అడిగింది. నీలం రంగు డబ్బా కూడా ఇంట్లో ఉంది. నేను ఏమంటానా అని ఆమె నావైపు ఒకసారి చూసింది. నేను ఆకుపచ్చ డబ్బా మూత తీసి ముందుపెట్టాను. ఎవరూ పలకరించకుండా గుమ్మంలో నేనే కాపలా కూర్చున్నాను. పని అయ్యాక అమ్మ పెట్టెను కిటికీలో గాలి తగిలే చోట పెట్టించి, "కుంపటి మీద మాత్రం పెట్టకు" అని నవ్వి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. ఇల్లంతా ఎనామిల్ వాసన. రేపు ఆదివారం. ఇవాళ సాయంత్రందాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని అమ్మ ఆజ్ఞ. ఆరాక, ఎవరైనా ముట్టుకోవచ్చు.